పాచిపండ్ల దాసరి పాట

"పాడిందే పాటరా పాచిపళ్ళ దాసరీ" అను సామెత తెలుగువారి నోట ఎన్ని తరములనుండి నానుచున్నదో చెప్పుట కష్టము. దాసరి పాట చెడ్డదని ఆ సామెత చెప్పలేదు. పాట మంచిదే కావచ్చును. గొంతును మంచిదే కావచ్చును. వచ్చిన ఇంటికే వచ్చి పాడిన పాటనే పాడుట అతని నేరము. ఇంటివారు మొదటినాడు దోసెడు బియ్యము పోసిరి, రెండవనాడును పోసిరి, మూడవనాడు గుప్పెడుతో సరిపెట్టిరి, నాలుగవనాడు అల్లంత దూరమున తంబుర మ్రోగగానే తలుపు మూసిరి. మూడవనాటికిని నాలుగవనాటికిని నడుమ జరిగిన దేమి? ఇన్నాళ్లును ఈ ప్రశ్న దాసరి ఒక్కనికే కావలసియుండెను. నేడది కోట్ల రూపాయల వ్యాపారమునకు మూలప్రశ్న యైనది. ఫోను తెరపై ఒకే మనిషికి ఒకే ప్రకటనను ఎన్ని మారులు చూపవలెను? ప్రకటనల వృత్తిలోనివారు ఆ హద్దునకు 'ఫ్రీక్వెన్సీ క్యాపు' అని పేరు పెట్టుకొనిరి. తెలుగున 'మారుల మితి' యనిన సరిపోవును.

ఇది వర్తకులు తమలో తాము తేల్చుకొనవలసిన లెక్కయే గదా, ఉపాధ్యాయులకును విద్యార్థులకును దీనితో నిమిత్తమేమి, అని అడుగువారుందురు. నిమిత్తమున్నది. ఒకే మాటను మరల మరల చెప్పి మనస్సున నాటించుట ఉపాధ్యాయుని వృత్తివిద్య. వర్తకుడు దానిని అరువు తెచ్చుకొన్నాడు. అరువు తెచ్చుకొన్నవాడు దానిని ప్రయోగించుచున్నది, సెలవుదినమున తండ్రి ఫోను చేతబట్టుకొని కూర్చున్న బడిపిల్లవానిపైనను.

గుంటూరునకును ఒంగోలునకును నడుమ జాతీయ రహదారిపై నున్న చిలకలూరిపేట వర్తకమునకు పేరుపడిన ఊరు. చుట్టును ప్రత్తి, మిరప పండించు పల్లెలు. గణపవరము వైపున నూలుమిల్లులు. ఊరి నడిబొడ్డున బట్టల కొట్లు, ఎరువుల కొట్లు, విత్తనముల కొట్లు. 2022లో పల్నాడు జిల్లా ఏర్పడినప్పుడు ఈ పట్టణము అందులో చేరినది. ఇట్టి ఊరికి ప్రకటన యన్నది క్రొత్త వస్తువు కాదు. వెనుకటి కాలమున చాటింపు ఉండెను. డప్పు మ్రోగించుచు వీధి మొగలో నిలిచి ఒకమారు, వీధి చివర నిలిచి ఒకమారు సంగతి చెప్పి ఆ మనిషి సాగిపోయెడివాడు. (ఆ పనిని ఒక కులము నెత్తిన రుద్దిన అన్యాయము వేరుగా చర్చింపదగినది.) ఎన్ని మారులు చెప్పవలెనో అతనికి నేర్పిన శాస్త్రమేదియు లేదు. కాని అతని ఎదుట ముఖములుండెను. అరుగుమీది ముసలాయన "విన్నాంలే, ఇక ముందుకు పోవోయ్" అన్నచో అతడు తరువాతి వీధికి నడిచెడివాడు. వినువాని ముఖమే ఆనాటి మితి.

ఏటికొక్కమారు చూపి ఏడాది పొడుగునను గుర్తుండునట్లు చేయు విద్యయు ఈ ప్రాంతమువారికి తెలియనిది కాదు. మహాశివరాత్రికి కోటప్పకొండ తిరునాళ్లకు తరలివచ్చు ప్రభలే దానికి తార్కాణము. ఏ ఊరి ప్రభ ఎంత ఎత్తున వచ్చినది, ఏది ఎట్టి వెలుగులతో నిండినది, దేనిని కొండదాక నడిపించుటకు ఎంత శ్రమపడిరి, అను చర్చ రచ్చబండల మీద నెలల తరబడి సాగును. చూచినది ఒక్క రాత్రి.

ప్రకటన మర్మ మెరిగిన తెలుగువారిలో అగ్రగణ్యుడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులు. 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిన ఆయన, తొలినాళ్లలో సంగీతసభలకు వచ్చినవారికి దానిని ఉచితముగా పంచెనని ప్రసిద్ధి. 1908లో ఆ బొంబాయిలోనే ఆయన ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించెను. 1914లో అది మద్రాసులో దినపత్రిక యైనది. సొంత పత్రిక లేనినాడు పంతులుగారు ఎంచుకొన్న పద్ధతిలోని సూక్ష్మము గమనింపదగినది. గంటల తరబడి కూర్చుండి తల బరువెక్కిన శ్రోతకు ఆ వేళకు చేతికందిన కొంచెము మందు, వేయి ప్రకటనల పెట్టు. అక్కడ పనిచేసినది మారుల సంఖ్య కాదు, అవసరమైన క్షణము.

తరువాతి సాధనములకు వాని వాని హద్దులు సహజముగనే ఏర్పడినవి. పత్రికలోని ప్రకటన ఉదయమున కొక్కమారు. పుట త్రిప్పినచో మాయము. వివిధభారతిలో వాణిజ్య ప్రకటనలు 1967లో మొదలైనవి. పాటకును పాటకును నడుమ దూరి వచ్చినను అందరికిని ఒకేమారు వినవచ్చెడివి. టెలివిజనునకు 1994 నాటి కేబులు నియమావళిలో గంటకు 12 నిమిషములు మించరాదని హద్దు చేర్చిరి. అది గంటకు విధించిన హద్దేగాని మనిషికి విధించినది కాదు. ఏ ఇంటిలో ఎవరు ఏ ప్రకటనను ఎన్ని మారులు చూచిరో కనిపెట్టు ఉపాయము ఆనాడు ఎవరికిని లేకుండెను.

ఇప్పుడు ఆ ఉపాయము వచ్చినది. ఒకడు ఫోనులో వీడియో తెరచిన క్షణముననే, అతని ఎదుట ఎవరి ప్రకటన నిలువవలెనను వేలము రెప్పపాటులో ముగియును. ఆ ఫోనునకు గల గుర్తుసంఖ్యను గాని, బ్రౌజరులో దాచిన కుకీని గాని చూచి, ఈ ప్రకటన ఈ వారములో దీనికి రెండు మారులు చూపితిమని యంత్రము గుర్తింపగలదు. ప్రకటనదారు ముందుగా 'వారమునకు మూడు' అని వ్రాసియుంచినచో, నాలుగవమారు ఆ ప్రకటన వేలమునకు పోదు. రోజునకు ఇన్ని, వారమునకు ఇన్ని, నెలకు ఇన్ని అని నింపుటకు గడులున్నవి. కొన్ని రకముల ప్రకటనలలో ఆ గడియే ఉండదు. అంతయు యంత్రము చిత్తము. గడి యున్నచోట దానిని ఖాళీగా విడుచువారును చాలమంది. డప్పు మనిషికి లేని శక్తి చేతికి వచ్చినది. అతనికున్న ఇంగితము మాత్రము రాలేదు.

లెక్క వేసి చూచినగాని ఇందలి కీలకము బోధపడదు. పేటలో ఒక బట్టల కొట్టు యజమాని సంక్రాంతికి ముందు ప్రకటన చేయదలచె ననుకొందము. చుట్టుపట్ల 10,000 మందికి చేరవలెనని కోరి 30,000 ప్రదర్శనలు కొనెను. పండుగ ముగిసిన పిదప ఏజెంటు తెచ్చి యిచ్చిన కాగితములో 'సగటున మనిషికి మూడు మారులు' అని యున్నది. యజమాని సంతసించెను. జరిగినది వేరు. పొద్దస్తమానము ఫోనులో మునిగియుండు 1,000 మందికి 21 మారుల చొప్పున 21,000 ప్రదర్శనలు పోయినవి. తక్కిన 9,000 మందికి తలకొకటి మిగిలినది. సగటు మూడే, మూడు మారులు చూచినవాడు మాత్రము ఆ పదివేలమందిలో ఒక్కడును లేడు. వెయ్యిమంది విసిగిరి, తొమ్మిదివేలమంది చూచి మరచిరి. మనిషికి మూడని మితి పెట్టియున్నచో, ఆ వెయ్యిమందికి 3,000 పోగా, మిగిలిన 27,000 తొమ్మిదివేలమందికి సరిగా మూడేసి వచ్చియుండును. అంకెలు ఊహించినవే. నల్లబల్లపై ఐదు నిమిషములలో వేసి చూపవచ్చును. వాస్తవమున ఇంత చక్కగా కుదరదు. ఫోను తక్కువగా చూచువారు ఆ వేలమునకు తక్కువగా చిక్కుదురు గనుక వారిని చేరుటకు ఎక్కువ దినములు పట్టును, ధరయు పెరుగవచ్చును. అయినను సగటు అను మాట చాటున ఏమేమి దాగియుండునో తెలియుటకు ఇది చాలును.

మరి ఆ కాగితమును ఎవరును ఏల ప్రశ్నింపరు? ప్రదర్శనల లెక్కన సొమ్ము పుచ్చుకొను వేదికకు ఇరువదియొకటవ మారును ఆదాయమే. ఖర్చులో శాతముగా ప్రతిఫలము పుచ్చుకొను ఏజెంటునకును ఆదాయమే. నష్టము యజమానికి, విసుగు వీక్షకునికి. ఆ విసిగిన వీక్షకుడు ఎప్పుడైన గడియారస్తంభము దగ్గర యజమానికి ఎదురుపడినచో, "ఏమండీ శెట్టిగారూ, ఫోను తెరిస్తే మీ కొట్టే, మూస్తే మీ కొట్టే! మా బుడ్డోడు నిద్రలో కూడా మీ పాటే పాడుతున్నాడు" అని నవ్వుచు చెప్పి, పండుగ బట్టలు ఇంకొక కొట్టున కొనుక్కొనును. శెట్టిగారు ఆ మాటను పొగడ్తగా తీసికొని మరునాడు ఇంకొక పదివేల రూపాయలు ఏజెంటు చేతిలో పోయును.

ఎన్ని మారులు చాలును? ఈ ప్రశ్నపై శాస్త్రజ్ఞులు చెప్పిన మాటలు వినదగినవి. జర్మను పండితుడు ఎబ్బింగ్‌హౌస్ తన జ్ఞాపకశక్తిపైననే ప్రయోగములు చేసికొని, 1885లో ఆ ఫలితములను ప్రకటించెను. మరపు మొదట ఎంత వేగముగా వచ్చునో, తరువాత ఎట్లు నెమ్మదించునో ఆయన కొలిచెను. ఒక్కపూటలో రుద్దిన పాఠముకంటె దినముల ఎడముతో వల్లించిన పాఠము మేలని కూడ తేల్చెను. ఎక్కములు చెప్పు పంతులుగారికి ఇది క్రొత్త సంగతి కాదు. 1968లో అమెరికాలో జాయన్స్ అను మనశ్శాస్త్రజ్ఞుడు, మరల మరల కంటబడిన వస్తువుపై మనిషికి ఇష్టము పెరుగునని చూపెను. వేపాకును గూర్చి వేమన చెప్పిన సంగతి నేర్చిన తెలుగు విద్యార్థి దీనికిని ఆశ్చర్యపడడు. 1970లో బెర్లైన్ మరియొక అడుగు వేసి, ఆ ఇష్టము కొంతదూరము పెరిగి, శిఖరము ముట్టి, అటుపిమ్మట విసుగై దిగజారునని వివరించెను. దాసరి ఎదుట తలుపు మూసినది ఆ దిగుడు మొదలైన పిదపనే.

ప్రకటనల లోకములో అన్నిటికంటె ప్రసిద్ధి కెక్కినది 1972లో హెర్బర్ట్ క్రుగ్మన్ వ్రాసిన వ్యాసము. మూడు దర్శనములు చాలునని ఆయన ప్రతిపాదన. మొదటిమారు 'ఇదేమి?' అనుకొనును, రెండవమారు 'దీనితో నాకేమి?' అనుకొనును, మూడవది జ్ఞాపికయై, నిర్ణయమునకు దారితీయును. వ్యాసము చదివినవారు, చదువనివారు కూడ 'మూడు' అను అంకెను పట్టుకొని వ్రేలాడిరి. క్రుగ్మన్ చెప్పినది తెరపై పడిన మారుల లెక్క కాదు, మనస్సులో జరుగు దశల లెక్క. ఒక మనిషికి ఎరువుల ప్రకటన పదిమారులు కంటబడినను, పైరు పసుపురంగు తిరిగిననాడు చూచినదే అతనికి నిజమైన రెండవ దర్శనము. 1995లో జాన్ ఫిలిప్ జోన్స్ ఇంకను ముందుకు పోయి, కొనుటకు దగ్గరి దినములలో ఒక్కమారు చూచినను చాలునని వాదించెను. పంతులుగారి సంగీతసభయు ఇదే చెప్పుచున్నది. కావున మితి యనగా ఒక అంకె కాదు. అంకెయు ఎడమును కలిసినది. 'నెలకు పన్నెండు' అని వ్రాసినవాడు, ఆ పన్నెండును ఒక్క మధ్యాహ్నమున ఒకే పిల్లవానిపై కుమ్మరింపకుండ 'రోజునకు ఒకటి' అనియు వ్రాయవలెను. పరీక్ష ముందురోజు రాత్రి చదువు చదివిన విద్యార్థికి దీనిలోని న్యాయము ఎవరును చెప్పనక్కరలేదు.

తెలుగు సాహిత్యము చదివినవారికి ఈ వాదము పరిచితమే. అలంకారశాస్త్రము పునరుక్తిని దోషమనెను. హర్షమున, భయమున, శోకమున మాత్రము అది దోషము కాదని మినహాయించెను. రెండుమారులు పలికిన పదములో రెండవదానికి వ్యాకరణము ఆమ్రేడితమని పేరిడి దానికొక సంధినే కేటాయించినది. 'ఔరౌర' యన్నప్పుడు రెండవ 'ఔర' వృథా కాదు. ఆశ్చర్యము ఒక్క మాటలో ఇమడక రెండవదానిని పిలిచినది. పల్లవి మరల మరల వచ్చును, కాని నడుమ చరణము వచ్చి దానికి క్రొత్త బరువు నిచ్చిన పిదపనే వచ్చును. మరల రామాయణ మెందులకన్న ప్రశ్నకు విశ్వనాథ సత్యనారాయణ తన కల్పవృక్షారంభముననే సమాధానము చెప్పుకొనెను. చెప్పినకథను మరల చెప్పుటకు కారణము చూపవలెనని అంతటి కవి తలంచెను. పండ్లపొడి అమ్మువానికి ఆ సంకోచము లేదు.

అతి యైనచో ఏమగునో చూపుటకు తెలుగుదేశములో జరిగిన ఉదాహరణ మొకటి కలదు. అదియు వర్తకులది కాదు, లోకహితము కోరి చేసినది. పొగాకు వాడకము కనబడు చలనచిత్రములకు ముందును, విశ్రాంతి పిదపను, ఒక్కొక్కటి కనీసము 30 సెకనులకు తగ్గని హెచ్చరిక చిత్రములు చూపవలెనని కేంద్రప్రభుత్వము విధించిన నియమము 2012 అక్టోబరు 2 నుండి అమలులోనికి వచ్చినది. ఆ విధముగా తెరకెక్కిన ధూమపాన వ్యతిరేక ప్రకటనలలో ఒకటి 'ఈ నగరానికి ఏమైంది' అను ప్రశ్నతో మొదలగును. ఉద్దేశము ఉత్తమమైనది. నెల కొక చిత్రము చూచువానికి అది నెలకొకమారు. వారమున కొకటి చూచు కుర్రవానికి వారమున కొకమారు. కొంతకాలమునకు ఆ గంభీరమైన కంఠము వినబడగానే హాలులోని కుర్రకారు దానితో గొంతు కలిపి పలుకజొచ్చిరి. నవ్వులు మొదలైనవి. 2018లో తరుణ్ భాస్కర్ తన చిత్రమునకు ఆ ప్రశ్ననే పేరుగా పెట్టెను. పేరు వినగానే ప్రేక్షకుడు నవ్వెను. ఒక ప్రకటనకు ఇంతకంటె జ్ఞాపకశక్తి కలిగించుట సాధ్యమా? సాధ్యము కాదు. కాని జ్ఞాపకము వేరు, మార్పు వేరు. భయము కలిగింపవలసిన వాక్యము పరిహాసమైన పిదప, సిగరెట్టు పట్టిన చేతిని అది వణికింపలేదు. 2023 సెప్టెంబరునుండి ఈ హెచ్చరికలు ఓటీటీ వేదికలకును వర్తించుచున్నవి. మంచిమాట గూడ మితి తప్పినచో హాస్యమగునన్న సంగతిని విధించువారు ఆలోచించినట్లు కనబడదు. ఒకే చిత్రమును ఏండ్ల తరబడి త్రిప్పుటకు బదులు ఆరు చిత్రములు తీసి మార్చి మార్చి చూపియున్నచో ఖర్చు కొంత పెరిగియుండును, నవ్వు తగ్గియుండును.

ఇక 'ఒకే వీక్షకుడు' అను మాటను పరీక్షింపవలెను. యంత్రము ఎంచునది మనిషిని కాదు. ఫోనును, లేక ఖాతాను. పేట చుట్టుపట్ల పల్లెలలో ఒక ఇంటికి ఒకే మంచి ఫోను ఉండుట నేటికిని వింత కాదు. ఉదయము ఆ ఫోనులో తండ్రి ప్రత్తి ధర చూచును. మధ్యాహ్నము తల్లి వంటల వీడియో చూచును. సాయంకాలము ఎనిమిదవ తరగతి చదువు కొడుకు పాఠము పేరు చెప్పి ఆటలు చూచును. రాత్రి తాతగారు హరికథ వినును. యంత్రము దృష్టికి ఈ నలుగురును ఒక్కడే. ఆ ఒక్కనికి మూడని మితి పెట్టినచో, ఆ మూడును కొడుకునకే దక్కి, పురుగుమందు గూర్చిన ప్రకటన తండ్రికి ఒక్కమారైనను చేరకపోవచ్చును. మరియొకవైపు, పట్టణములో ఫోను, కంప్యూటరు, టీవీ మూడును గల ఉద్యోగి, మూడుచోట్లను ఒకే ఖాతాతో ప్రవేశింపనిచో, యంత్రమునకు ముగ్గురు. అతనికి మూడు కాక తొమ్మిది. ఇంటిల్లిపాది ఒకడగుట, ఒక్కడు ముగ్గురగుట, ఇట్టి జనాభా లెక్కలపైన నిలిచిన శాస్త్రమిది.

ఇంతవరకు చెప్పినది విసుగును, వృథాఖర్చును గూర్చి. ఇంతకంటె బరువైన సంగతి ఒకటి కలదు. యంత్రము ఎవరికి ఎక్కువగా చూపును? ఒకమారు వ్రేలితో ముట్టినవానికి, ముట్టునని తోచినవానికి. బట్టల విషయములో ఇందు ప్రమాదము లేదు. పందెముల ఆటల విషయములో ఉన్నది. అప్పులలో నున్నవాడు, పనిలేక కూర్చున్న యువకుడు, వసతిగృహములో నిద్రపట్టని విద్యార్థి, వీరు ఆ ప్రకటనను ముట్టుదురు. ముట్టిన పాపమునకు అది ఐదుమారులు వచ్చును. ఐదవమారును ముట్టినచో ఇరువది మారులు. మనోబలము తక్కువైనవానికే మారులు ఎక్కువ. తెలంగాణ ప్రభుత్వము 2017లోను, 1974 నాటి చట్టమును సవరించి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2020లోను ఆన్‌లైను జూదమును నిషేధించినవి. బెట్టింగు యాపులకు ప్రచారము చేసిరని 2025లో హైదరాబాదున పలువురు నటులపైనను, సామాజిక మాధ్యమములలో పేరుపడిన వారిపైనను పోలీసులు కేసులు పెట్టిరి. ఆ సంవత్సరము ఆగస్టులోనే పార్లమెంటు సొమ్ముతో ఆడు ఆన్‌లైను ఆటలను, వాని ప్రకటనలను కూడ నిషేధించుచు చట్టము చేసినది. ఈ చర్యలన్నియు ఏమి చెప్పిరి, ఎవరు చెప్పిరి అను వానినే విచారించినవి. ఎవనికి ఎన్ని మారులు చెప్పిరి అన్నది ఎవరును విచారింపలేదు. ఒక నటుడు ఒకమారు పలికిన మాటను ఒక కుర్రవాని చెవిలో నూరుమారులు మ్రోగించినది యంత్రము. నేరములో దాని వాటా ఎంతయో తేలవలసియున్నది.

ఎన్నికలలోను ఇదే లోపము. 2024 మార్చి 17న పేటను ఆనుకొనియున్న బొప్పూడిలో ప్రధానమంత్రి పాల్గొన్న కూటమి బహిరంగసభ జరిగినది. సభకు పోయినవాడు ఉపన్యాసమును ఒకమారు విని ఇల్లు చేరెను. పోయినవాడు ఎవరో, పోనివాడు ఎవరో ఊరికి తెలియును. అదే కాలమున అన్ని పక్షములవారి ప్రకటనలును మే 13 నాటి పోలింగునకు ముందు ఫోనులలో తిరిగినవి. పెద్దవేదికలు రాజకీయ ప్రకటనల ఖర్చును, ప్రదర్శనల సంఖ్యను సుమారుగా బహిరంగపరచుచున్నవి, అది మెచ్చదగినదే. ఒక్కొక్క వోటరుకు ఎన్ని మారులు చూపిరో ఆ పట్టికలలో ఉండదు. పోలింగునకు ముందు 48 గంటలు బహిరంగసభలు నిషేధించిన చట్టము, అంతకుముందు ఒక్కని చెవిలో నలుబదిమారులు చెప్పుటను గూర్చి మౌనము వహించినది.

ఇక్కడ ఒక చిక్కు ఎదురగును. దానిని దాటవేయుట న్యాయము కాదు. మారులు లెక్కింపవలెనన్న మనిషిని గుర్తుపట్టవలెను. గుర్తుపట్టుటయే అనర్థమని ఇంకొకప్రక్క లోకము మొరపెట్టుచున్నది. 2021లో ఆపిల్ కంపెనీ తన ఫోనులలో, అనుమతి అడిగినగాని యాపులు మనిషి వెంట పడరాదని నియమము తెచ్చినది. భారతదేశమున 2023లో చేసిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము, పదునెనిమిదేండ్లు నిండని పిల్లల కదలికలను కనిపెట్టుటను, వారిని గురిచేసి ప్రకటనలు చూపుటను కూడదనుచున్నది. దాని నియమములు 2025 నవంబరులో ప్రకటితమైనవి, ముఖ్యమైన బాధ్యతలు అటుపిమ్మట పదునెనిమిది నెలలకు అమలగునని గడువు పెట్టిరి. గుర్తు చెరిపినచో యంత్రమునకు ప్రతిమారును మొదటిమారే; గజనీవలె మరచి అదే ప్రకటనను మరల తెచ్చును. గుర్తుంచుకొన్నచో, ఒకనాడు ఊరకనే చూచిన చీర విక్రమార్కుని భుజమెక్కిన బేతాళునివలె నెలదినములు వెంటబడును; చీర కొన్న సంగతి మాత్రము దానికి తెలియదు. ఏది మేలు? లెక్కను ఫోనులోనే ఉంచి, ఎవరికిని పంపక, సంఖ్య నిండగానే ఆపు పద్ధతి సాధ్యమేనని సాంకేతికులు చూపిరి. అది లాభము తెచ్చు పద్ధతి కానందున ఎవరును తొందరపడుట లేదు. తొందరపెట్టవలసినది చట్టము. పిల్లల విషయములో అట్టి లెక్కయు అనవసరము. జూదము, అప్పు, మత్తు వీనికి సంబంధించినంతవరకు వారికి మితి సున్న.

తక్కిన వస్తువులకు చట్టమువరకు పోనక్కరలేదు. సొమ్ము పెట్టువాడు అడుగుటతో సగము పని యగును. పేటలోని వర్తకుడు ప్రత్తి బేరములో తేమ ఎంత, పింజ పొడవెంత అని పది ప్రశ్నలు వేయకుండ బస్తా దింపనీయడు. ప్రకటనలు కొనునప్పుడు మాత్రము కాగితముపై నున్న సగటును చూచి సంతకము చేయుచున్నాడు. వారి పిల్లలలో చాలమంది ఆ ఊరి బడులలోను, కళాశాలలోను సగటు, మధ్యమము, బాహుళకము చదువుచున్నవారే. గణితము చెప్పు ఉపాధ్యాయుడు ఒక ఆదివారము ఇంటి ఫోనులో ఏ ప్రకటన ఎన్ని మారులు వచ్చినదో గీతలు గీసి లెక్కించి తెమ్మని విద్యార్థులకు చెప్పినచో, సోమవారమునాటి పాఠమునకు వేరే పుస్తకము అక్కరలేదు. ప్రకటన మూలనున్న చుక్కలను నొక్కి 'ఇది ఏల చూపితిరి' అని అడుగు వీలును, జూదము మొదలైన విషయములను తగ్గింపుమని కోరు వీలును యూట్యూబు ఖాతాలో ఉన్నవని కూడ వారికి చూపవచ్చును. ఆ పిల్లవాడు సాయంకాలము కొట్టుకు పోయి, తండ్రి బల్లమీది ఏజెంటు కాగితములో సగటు ప్రక్కన ఇంకొక గడి గీసి, అందరికంటె ఎక్కువగా చూచినవాడు ఎన్ని మారులు చూచెనో వ్రాసి తెమ్మని అడుగునట్లు చేయవలెను.